బస్సు గోలలో పాట... చెవిలో ఏ సైజు రబ్బరు?

ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కి కిటికీ పక్కన సీటు దొరికిందంటే మనం చేసే మొదటి పనేంటి? టికెట్ తీసుకోకముందే బడ్స్ చెవుల్లోకి వెళ్లిపోతాయి. బస్టాండ్‌లో ఉన్నంతసేపూ పాట హాయిగానే వినిపిస్తుంది. ఊరు దాటి అద్దాలు గడగడలాడటం మొదలవగానే వాల్యూమ్ ఒక గీత పెంచుతాం. కొత్తగూడెంలో ఇంకో గీత. పాల్వంచ దగ్గర లారీలు పక్కనుంచి పోతుంటే మరొకటి. భద్రాచలంలో దిగి చూస్తే గీత చివరికంటా ఉంటుంది! ఎప్పుడు పెంచామో మనకే గుర్తుండదు. తిట్టడం లేదులే, నేనూ అంతే. మన రైలేమో కొత్తగూడెంలోనే ఆగిపోయి, ఆ స్టేషన్‌కి భద్రాచలం రోడ్ అని పేరు పెట్టుకుని కూర్చుంది. మిగతా 40 కిలోమీటర్లకి బస్సే దిక్కు కదా.

దిగాక చెవిలో ఈల వేసినట్టు సన్నగా మోగుతుంది. అమ్మ మాట దూరం నుంచి వచ్చినట్టుంటుంది. రాత్రి పడుకుంటే అదే దిగులు... చెవులు పాడైపోతున్నాయా అని. కంగారు పడకు చెల్లీ. ఒకసారి మోగి, తెల్లారేసరికి తగ్గిపోతే అది చెవి మనల్ని బతిమాలుకోవడం. రోజూ బతిమాలించుకుంటేనే ముప్పు. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి గది ఒకటుంది. అందులో వెంట్రుకల్లాంటి మొనలున్న సన్నని కణాలు పదిహేను వేల దాకా ఉంటాయి. శబ్దాన్ని పట్టుకునేవి అవే. పెద్ద మోతకి అవి వంగిపోతాయి, కాస్త విశ్రాంతి దొరికితే కొన్ని లేస్తాయి, చచ్చిపోయినవి మాత్రం మళ్లీ రావు. పిట్టలకైతే తిరిగి మొలుస్తాయని 1980లలోనే కనిపెట్టారు. కిన్నెరసాని అడవిలో గువ్వకున్న భాగ్యం మనకి లేదు, ఏం చేస్తాం!

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఒకటి గుర్తుపెట్టుకో. 80 డెసిబెల్స్ మోతలో వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి పెరిగితే 4 గంటలే. 100 అయితే వారం మొత్తానికి 20 నిమిషాలు! మనం ఒక్క ప్రయాణంలోనే వారం కోటా తాగేస్తున్నామన్నమాట. డెసిబెల్స్ ఎవరు కొలుస్తారక్కా అంటావేమో. ఫోన్‌లో వాల్యూమ్ గీత అరవై శాతం దాటనివ్వకు, చాలు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అక్కడే పరిమితి పెట్టేసుకో. చెయ్యి దానంతటదే పైకి పోతుంది, దాన్ని నమ్మొద్దు.

కానీ అంత తగ్గిస్తే పాట వినిపించదే? అసలు కిటుకు ఇక్కడే ఉంది. మనం వాల్యూమ్ పెంచేది పాట మీద మోజుతో కాదు, బస్సు మోత లోపలికి దూరుతోందని. ఎందుకు దూరుతోంది? బడ్‌కున్న రబ్బరు మన చెవికి సరిపోక. డబ్బాలో చిన్నా పెద్దా మూడు సైజులు ఇస్తారు. మనం ఏది తొడిగి ఉంటే దాంతోనే వాడేసి, మిగతావి డబ్బాతో సహా ఎక్కడో పడేస్తాం. సందు ఉంటే బయటి మోత లోపలికొస్తుంది, లోపలి బేస్ బయటికి పోతుంది. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారు, 2022లో పద్మశ్రీ అందుకున్న కోయ కళాకారుడు, డోలు కొడుతూ కథ చెప్పే వీడియో పెట్టి చూడు. సందున్న బడ్‌లో ఆ డోలు రేకు డబ్బా మీద కొట్టినట్టు వినిపిస్తుంది. అప్పుడు బడ్‌ని వేలితో మెల్లగా లోపలికి అదుము. ఒక్కసారిగా గుండెకి తగిలిందా? అయితే నీ రబ్బరు చిన్నదైంది. పెద్దది తొడుగు. కుడి చెవికొక సైజు, ఎడమ చెవికొక సైజు పట్టినా సిగ్గుపడకు, చాలామందికి అంతే. సరిగ్గా కుదిరితే రెండు మూడు గీతలు నువ్వే తగ్గిస్తావు. కొత్తది కొనడానికి డబ్బులు తీసే ముందు ఈ పని చెయ్యి. ‘ఎక్స్‌ట్రా బేస్’ అని అట్ట మీద రాసినంత మాత్రాన మంచి శబ్దం కాదమ్మా. గొంతు, తబలా, వేణువు దేనికది విడిగా తెలిస్తే అదీ శబ్దం.

డబ్బులుంటే బయటి మోతని తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ రకం తీసుకో. ఇంజన్ రొద లాంటి ఆగకుండా సాగే మోతకి అది బాగా పనిచేస్తుంది. బస్సు దిగగానే మాత్రం తీసెయ్యాలి. అడవి దారిలో వెనకనుంచి బండి వస్తోందో లేదో చెప్పేది ఆ చెవులే కదా.

ఇంకో బాధ, వానాకాలం దురద. రోజంతా రబ్బరు బిగించి ఉంచితే లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది. గంటకోసారి తీసి గాలి తగలనివ్వు. రబ్బరు ఊడదీసి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే తొడుగు. అక్కచెల్లెళ్లమైనా సరే, ఒకరివి ఒకరం పెట్టుకోవద్దు. గుబిలి తీస్తానని పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టావో, నా చేతిలో అయిపోతావ్! అమ్మమ్మ వెచ్చని నూనె పోస్తానంటే ప్రేమగా వద్దని చెప్పు. చీము కారినా, చెవిలో ఈల మోత రోజుల తరబడి తగ్గకపోయినా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించడం మానేస్తే ఆ రోజే వెళ్లాలి, వచ్చే వారం సంత నాటికి చూద్దాంలే అనుకోకూడదు. గాయని అల్కా యాగ్నిక్ తనకి ఉన్నట్టుండి వినికిడి పోయిందని 2024లో చెప్పుకున్నారు. ఆమెది వైరస్ వల్లేనట, అయినా హెడ్‌ఫోన్లతో జాగ్రత్తని అప్పుడే అందరినీ హెచ్చరించారు.

సరే, టీ తాగి లే. ఆ డబ్బా వెతుకు. బీరువా కింది అరలో, పాత ఛార్జర్ల మధ్య ఉంటుంది చూడు. రబ్బర్లు అందులోనే ఉంటాయి.