కొండ ముందు, కథ తర్వాత

పురాణాన్ని ప్రకృతి చిత్రంలోకి తేవాలనుకునే కుర్రకారుకి నేను చెప్పే మాటలివి.

1. ముందు చోటు గియ్యండి. చాలామంది రాముణ్ణో ఊర్వశినో వేసేసి, మిగిలిన ఖాళీలో కొండలు సర్దుతారు. అది క్యాలెండర్ బొమ్మ. (క్యాలెండరంటే నాకు చిన్నచూపేం లేదు, మా వంటింట్లోనూ ఒకటుంది.)

2. ఫ్రెంచి చిత్రకారుడు నికొలా పూసాన్ 1649లో వేసిన పాలిఫెమస్ బొమ్మని తీరిగ్గా చూడండి. ఒంటికన్ను రాక్షసుడు కొండకొమ్మున మనవైపు వీపు పెట్టి పిల్లనగ్రోవి ఊదుతుంటాడు. మొదట రాయే అనుకుంటాం. కాసేపటికి భుజాలు తెలుస్తాయి. కింద రైతులు తలెత్తకుండా పొలం దున్నుకుంటుంటారు. రాక్షసుణ్ణి విడిగా తెచ్చి పెట్టలేదాయన, కొండలోంచే లేపాడు. మన బండరాళ్ళ సీమలో పుట్టినవాళ్ళకి ఇది కష్టమా?

3. ట్యూబులోని ఆకుపచ్చని నేరుగా పూయకండి. కాస్త ఎల్లో ఓకర్ కలపండి.

4. లేపాక్షి వెళ్తే వీరభద్రాలయం పైకప్పు బొమ్మల్ని మెడ నొప్పెట్టేదాకా చూడండి. అవి పదహారో శతాబ్దపు విజయనగర చిత్రాలు. కిరాతార్జునీయం అక్కడ పట్టీలు పట్టీలుగా నడుస్తుంది. దూరం, దగ్గర అన్న లెక్కే లేదు, అంతా గీతే. కథని ఎత్తుకురావద్దు, ఆ గీత పట్టుకోండి. తర్వాత బయటికొచ్చి ఎండలో గుట్టల్ని ఆ గీతతోనే గియ్యండి.

5. చిత్రకారుడు ఎ. రామచంద్రన్‌ని వదలకండి. కేరళలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, ఢిల్లీలో స్థిరపడ్డాడు. కేరళ కుడ్యచిత్రాల్ని పరిశోధకుడిగా చదివినవాడు. 1986లో ‘యయాతి’ని గోడంత పొడవున వేశాడు. అందులో పురాణం పేరుతోనే ఉంది. తర్వాత ఉదయపూర్ చుట్టుపక్కల తామర చెరువులకి మళ్ళాడు. అక్కడ దేవుళ్ళుండరు. ఆకులు, పూలు, తూనీగలు. ఎక్కడో ఓ మూల చిన్న పురుగుకో తాబేలుకో తన మొహమే తగిలించుకునేవాడు! నా మట్టుకు నాకు ‘యయాతి’ కన్నా ఆ చెరువుల్లోనే పురాణం ఎక్కువ కనిపిస్తుంది.

6. కొనేవాళ్ళు “ఇందులో దేవుడెక్కడండీ? కాస్త పెద్దగా వెయ్యండి” అంటారు. వెయ్యొద్దు. ఆ బొమ్మని పక్కన పెట్టి, వాళ్ళకి ఇంకోటి చూపించండి.