గేర్ రాడ్డు కోయించేముందు ఒక్క పన్ను తిప్పి చూడండి
(సందేహాలు - సమాధానాలు)

ప్రశ్న: విత్తనాల కంపెనీలో పనిచేస్తాను. వంద సీసీ బండి మీద రోజూ కోవెలకుంట్ల, బనగానపల్లె వైపు తిరుగుతాను. సాయంత్రానికి ఎడమ చీలమండ పట్టేస్తోంది. గేర్ రాడ్డు కోసి, పొడవు పెంచి వెల్డింగ్ చేస్తానని మెకానిక్ అంటున్నాడు. చేయించమంటారా?
- ఆళ్లగడ్డ పాఠకుడు

జవాబు: వద్దు. మీరు తిరిగేది నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు కుంగి రోడ్డు అలలుగా లేస్తుంది కాబట్టి గేరు మాటిమాటికీ మార్చక తప్పదు. హైవే మీద తెలియని నొప్పి అక్కడ బయటపడుతుంది. అయితే దానికి వెల్డింగ్ అక్కర్లేదు, ఒక స్పానర్ చాలు.

గేర్ రాడ్డు కూర్చునే షాఫ్టు మీద సన్నని పళ్ళుంటాయి. ముందు రాడ్డు ఇప్పుడున్న చోట పెయింటుతో గుర్తు పెట్టుకోండి. రాడ్డు మొదట్లో ఉన్న బోల్టును వదులు చేస్తే సరిపోదు, పూర్తిగా తీసెయ్యాలి. రాడ్డును బయటికి లాగి, ఒక్క పన్ను మాత్రం కిందికో పైకో జరిపి మళ్ళీ బిగించండి. రెండు పళ్ళు ఒకేసారి జరపొద్దు. షాఫ్టు దగ్గర కొంచెం తిరిగితే కాలివేళ్ళ దగ్గర చాలా తేడా వస్తుంది.

ఎటు జరపాలో మీ కాలే చెబుతుంది. రోజూ తొడిగే చెప్పులో బూట్లో వేసుకొని కూర్చోండి. అరికాలు ఫుట్‌రెస్ట్ మీద తిన్నగా ఆనాలి, వేళ్ళు రాడ్డుకు తగలకూడదు. గేరు వెయ్యడానికి పాదం బాగా పైకి ఎత్తాల్సి వస్తుంటే రాడ్డు ముందు భాగం ఎత్తుగా ఉన్నట్టు. చీలమండ పట్టెయ్యడం ఎక్కువగా దీనివల్లే. అలాగని మరీ దించితే, వెనక మడమతో తొక్కే భాగం పైకి లేచి కొత్త నొప్పి మొదలవుతుంది. వేళ్ళు ఎప్పుడూ రాడ్డు మీదే ఆనిస్తే గేరు జారుతుంది, లోపలి ఫోర్కులు అరిగిపోతాయి. బిగించాక అన్ని గేర్లూ వేసి చూడండి. రాడ్డు ఇంజను కేసుకు గానీ స్టాండుకు గానీ కొట్టుకోకూడదు.

పొడవు పెంచిన రాడ్డుతో ఒక ప్రమాదం కూడా ఉంది. బండి పడితే మామూలు రాడ్డు వంగిపోయి షాఫ్టును కాపాడుతుంది. మందంగా వెల్డింగ్ చేసింది వంగదు, ఆ దెబ్బంతా షాఫ్టు మీదికి, కేసు మీదికి పోతుంది. వంగిన రాడ్డు మార్చడం చిన్న ఖర్చు. పగిలిన కేసు అలా కాదు.

ప్రశ్న: నాది 350 సీసీ క్రూయిజర్. దూర ప్రయాణాలకని ఫుట్‌రెస్టులు తీసేసి వెడల్పాటి ఫుట్‌బోర్డులు వేయించాను. నాది పెద్ద పాదం. మడమతో వేసే గేర్ రాడ్డు బూటుకు అడ్డొస్తోంది. వెనక భాగం కోసెయ్యొచ్చా?
- కడప పాఠకుడు

జవాబు: కొయ్యొద్దు. మీ బండికి సరిపోయే, వేళ్ళతో మాత్రమే వేసే రాడ్డు దొరికితే అది వేయించుకోండి. అప్పుడు బోర్డు మీద పాదం ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు, గంటల తరబడి నడిపేవాళ్ళకు మోకాలు పట్టెయ్యదు. కాకపోతే పై గేర్లు వేళ్ళ పైభాగంతో ఎత్తి వెయ్యాలి కాబట్టి చెప్పులతో నడిపితే చర్మం ఒరుసుకుపోతుంది. బూట్లు తప్పనిసరి.

మీరు ఎడమ కాలి గురించే రాశారు. నాకు భయం కుడి కాలి గురించి. బోర్డు వేశాక అరికాలు ముందుకన్నా ఎత్తుకు వస్తుంది, బ్రేక్ పెడల్ కిందికి పోయినట్టవుతుంది. కాలు ఎత్తకుండా, వెతుక్కోకుండా పెడల్ అందాలి. పెడల్ ఎత్తు మారిస్తే, తొక్కగానే బ్రేకు పట్టేముందు ఉండే కొద్దిపాటి ఖాళీని మళ్ళీ సరిచూడాలి. ఆ ఖాళీ లేకపోతే బ్రేకు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతుంది. వెనక డిస్కు ఉంటే చక్రం పట్టేసే ప్రమాదమూ ఉంది. బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో చూడండి.

బోర్డులు కీలు మీద పైకి మడతపడాలి. కదలకుండా వెల్డింగ్ చేసినవి మలుపులో నేలకు తగిలితే వెనక చక్రాన్నే లేపేస్తాయి. పైన రబ్బరు లేనివి మన ఎండలకు పనికిరావు. మే నెలలో కడప రోడ్డు మీద, ఇంజను పక్కనున్న ఇనుప పలక చెప్పులోంచి కాలుస్తుంది.

ప్రశ్న: అమ్మ చీరకట్టుతో ఒక పక్కకే కూర్చుంటుంది. కాళ్ళు వేలాడుతున్నాయి. ఏం చెయ్యాలి?
- ఎమ్మిగనూరు పాఠకురాలు

జవాబు: ఎడమ పక్క చీర గార్డుకు పాదం పట్టే పలక ఉన్నది వేయించండి. రెండు పాదాలూ ఆనాలి. చట్టం కూడా ఇదే అడుగుతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 ప్రకారం వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్, వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే గార్డు ఉండాలి. గార్డును ఫ్రేముకే బిగించాలి. చక్రంతో పాటు ఎగిరే స్వింగ్ ఆర్మ్‌కు బిగిస్తే గుంతలో పడ్డప్పుడల్లా అమ్మ మోకాళ్ళకు దెబ్బ. కొంగు లోపలికి దోపుకోమనండి, హెల్మెట్ ఆమెకూ పెట్టండి.

ప్రశ్న: పోలియో వల్ల ఎడమ కాలితో గేరు వెయ్యలేను. చేతితో వేసేలా మార్పించుకోవచ్చా?
- పులివెందుల పాఠకుడు

జవాబు: మార్చడం సాధ్యమే. కానీ క్లచ్ పట్టిన ఎడమ చేతికే గేరు పని కూడా పడితే హ్యాండిల్ మీద పట్టు సడలుతుంది. మీకు నా సలహా గేర్లు లేని స్కూటరు, దానికి పక్క చక్రాలు. ఏది చేయించినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. అందుకే షెడ్డుకు వెళ్ళేముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి అనుమతి తీసుకోండి, పని అయ్యాక ఆర్‌సీలో ఆ మార్పు రాయించుకోండి.