రొమ్ము పరీక్షలో గుండె జాడ

తెలుగున "ఎద" అను మాటకు రొమ్మనియు, హృదయమనియు రెండర్థములు కలవు. ఉర్దూలోని "సీనా" కూడ ఇట్టిదే. భాషలో ఏనాడో కలిసియున్న ఈ రెండింటిని వైద్యశాస్త్రము ఇటీవల ఒకే చిత్రమున చూచుచున్నది. రొమ్ము క్యాన్సరును కనుగొనుటకై తీయు చిత్రము గుండెజబ్బును గూర్చి కూడ ముందుగా హెచ్చరింపగలదని కొన్ని పరిశోధనలు తెలుపుచున్నవి. ఈ విషయమును విద్యార్థులకు పరిచయము చేయుటయు, అది మన ఊరి స్త్రీలకు ఏ విధముగా ఉపకరించునో విచారించుటయు మా ఉద్దేశము.

ఈ చిత్రమును మామోగ్రాం అందురు. రొమ్మును రెండు పలకల నడుమ కొలది క్షణములు అదిమి, స్వల్పముగా ఎక్స్‌రే కిరణములను పంపి దీనిని తీయుదురు. కాల్షియం ఉన్న చోట కిరణములు ఆగిపోవును గనుక చిత్రమున అది తెల్లగా కనబడును. సన్నని నలుసులు గుంపుగా కనబడినచో వైద్యులు క్యాన్సరును అనుమానింతురు. కొందరిలో మాత్రము రైలుపట్టాల వలె రెండు సమాంతరమైన తెల్లని గీతలుండును. అవి రొమ్ములోని ధమనుల గోడలలో పేరుకొనిన కాల్షియం. అది క్యాన్సరు గుర్తు కాదు. అందుచేతనే బహుకాలము దానిని ఎవరును పెద్దగా పట్టించుకొనలేదు.

గుండె ధమనులలో కొవ్వుతో కూడిన పూడిక లోపలి పొరలో ఏర్పడును. రొమ్ము ధమనులలో కాల్షియం నడిమి పొరలో చేరి గోడను బిరుసెక్కించును. రెండును ఒకటి కావు. అయినను వయస్సు మీరినవారిలోను, మధుమేహము, మూత్రపిండ వ్యాధి కలవారిలోను ఈ గీతలు ఎక్కువగా కనబడును. ఒకచోట నాళము చెడుట మరియొకచోటి చెడుగునకు సూచన యగుట వింత కాదు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 60 నుండి 79 ఏండ్ల వయస్సు గల 5,059 మంది స్త్రీలను పరిశీలించి, 2022లో ఫలితములను ప్రకటించిరి. ఈ గీతలున్న వారిలో గుండెపోటు, పక్షవాతము వంటి ప్రమాదములు 51 శాతము అధికముగా కనబడినవి. దీని అర్థమును సరిగా గ్రహింపవలెను. నూరుమందిలో సగము మందికి జబ్బు వచ్చునని కాదు. ఉదాహరణకు పదిమందికి రాదగినచోట పదునైదుగురికి వచ్చునని అర్థము. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు విక్టోరియా రాష్ట్రమునకు చెందిన 49,196 మంది స్త్రీల చిత్రములను కంప్యూటరుచే చదివించి, చిత్రమును, వయస్సును బట్టియే గుండెజబ్బు అవకాశమును అంచనా వేయవచ్చునని చూపిరి. అయితే గీతలు లేనంత మాత్రమున గుండె క్షేమమని భావింపరాదు. పరదేశపు అంకెలు మన స్త్రీలకు యథాతథముగా వర్తించునని చెప్పుటయు తగదు.

ఇక మన సంగతి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామములలో మరణ కారణములను విచారింపగా, నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల జబ్బుల వలననే సంభవించినట్లు తేలినది. గుండెజబ్బు పట్టణపు ధనికులదే యను భ్రమ అంతటితో తొలగిపోవలెను. కాని మన దేశమున స్త్రీలందరకు మామోగ్రాం తీయు ప్రభుత్వ కార్యక్రమము లేదు. ఆత్మకూర్ వంటి ఊళ్ళలో అనేకులైన తల్లులు జీవితమున ఒక్కసారియైనను ఆ చిత్రము తీయించుకొనియుండరు. లేని చిత్రమున గీతలను వెదకుట ఎట్లు?

అయినను ఆ పరిశోధన చెప్పు నీతి మనకు అక్కరకు వచ్చును. ఒక భయముతో వచ్చిన స్త్రీని రెండవ ఆపద గూర్చి కూడ పరీక్షింపవలెననుటయే ఆ నీతి. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకములు 30 ఏండ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహ పరీక్షలను, 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు ఐదేండ్లకొకమారు చేతితో చేయు రొమ్ము పరీక్షను ఒకే కార్యక్రమమున చేర్చినవి. తెలంగాణలో 2023 మార్చి 8న ప్రారంభమైన ఆరోగ్య మహిళా కార్యక్రమము కూడ స్త్రీల కొరకు ఇట్టి పరీక్షలనే ఉద్దేశించినది. చిత్రము లేకున్నను రక్తపోటు పట్టీ, నెత్తురుచుక్క గుండెను గూర్చి ఎంతో చెప్పగలవు.

అడ్డుపడునది బిడియము. పర్దా పాటించు ఇండ్లలోనే గాక అన్ని ఇండ్లలోను ఇది కలదు. రొమ్మున గడ్డ తగిలినను తల్లి కూతురితో చెప్పదు. ఆయాసము, వీపు నొప్పి, దవడ నొప్పి, చెమటలు కలిగినను "గ్యాసు" అని సోడా త్రాగి పడుకొనును. స్త్రీలకు గుండెపోటు తరచుగా ఇట్టి లక్షణములతోనే వచ్చును.

విద్యార్థులారా! ఈ సంచికను ఇంటికి తీసికొనిపొండు. చదువురాని అమ్మకు, అమ్మీజాన్‌కు, నానమ్మకు, నానీకి చదివి వినిపింపుడు. రొమ్మును పరీక్షించునది స్త్రీయేనా యని ముందుగా విచారించి, వారికి ధైర్యము చెప్పి వెంటబెట్టుకొని పొండు. మన కళాశాల కమిటీ వారు ఏడాదికొకమారు విద్యార్థుల తల్లులకై మహిళా వైద్యురాలిచే ఇట్టి శిబిరమును జరిపించినచో అంతకన్న గొప్ప విద్యాదానము ఉండదని మా మనవి.