మార్పుకు బాబతు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండే వరి మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల రైతులకు జీవనాధారం. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి చెందినది. ధాన్యం వ్యాపారంలో చిట్టా వ్రాసే గుమాస్తా ఎంత సొమ్ము ఖర్చయినదో వ్రాసి ఊరుకోడు. అది ఏ బాబతు ఖర్చో కూడా ప్రక్కనే వ్రాస్తాడు. హమాలీ కూలి బాబతు, లారీ కిరాయి బాబతు, గోనె సంచుల బాబతు - ఈ విధంగా ఉంటాయి ఆ పద్దులు. ఖర్చు ఎంతో అంకె చెబుతుంది; ఎందుకో బాబతు చెబుతుంది. ఏడాది తరువాత లెక్క తనిఖీ చేసేవారికి ఆ రెండవ మాటయే ఆధారం.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారికి కూడా ఇటువంటి చిట్టా ఒకటి ఉన్నది. దానిని వర్షన్ కంట్రోల్ అంటారు. నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న 'గిట్' అనే సాధనాన్ని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించాడు. ప్రోగ్రాములో జరిగిన మార్పును, చేసినవారి పేరుతోను, తేదీతోను ఇది భద్రపరుస్తుంది. అట్లా భద్రపరచిన ఒక్కొక్క మార్పు ఒక కమిట్. దానికి జతచేసే వివరణ కమిట్ సందేశం. మొదటి పంక్తిలో సుమారు 50 అక్షరాలకు మించకుండా సారాంశం వ్రాసి, ఒక పంక్తి ఖాళీ విడిచి, దాని క్రింద కారణాన్ని వివరించడం మంచి సంప్రదాయం.

ఈ సందేశం వ్రాయడానికి చాలామంది బద్ధకిస్తారు. 2021లో గిట్‌హబ్ కోపైలట్ ప్రయోగాత్మకంగా వెలువడిన తరువాత, కృత్రిమ మేధతో పనిచేసే కోడింగ్ సహాయకాలు క్రమంగా ఈ పనిని కూడా చేపట్టినవి. ఒక మీట నొక్కితే చాలు, చక్కని వాక్యాలలో సందేశం సిద్ధమవుతుంది. 2023 అక్టోబరులో సూర్యాపేటలో ఐ.టి. హబ్ ప్రారంభమైనది. ఈ ప్రాంతపు యువతకు ఇటువంటి సాధనాలు దూరపు విషయాలు కావు. కనుక వాటి శక్తిని, పరిమితిని కూడా తెలిసికొనడం అవసరం.

ఉదాహరణకు, కోదాడలోని ఒక విద్యార్థి ధాన్యం కొనుగోలు కేంద్రానికి ఒక ప్రోగ్రాము వ్రాసినట్లు ఊహించవచ్చును. అందులో తేమ పరిమితి పొరపాటున 14 శాతంగా నమోదైనది. ప్రభుత్వ నిబంధన ప్రకారం వరి ధాన్యంలో తేమ 17 శాతం వరకు ఉండవచ్చును. విద్యార్థి ఆ అంకెను సరిదిద్దాడు. సహాయకం మార్పును చదివి, "తేమ పరిమితి 14 నుండి 17కు మార్చబడినది" అని వ్రాసినది. ఆ మాట నిజమే. కాని ఎందుకు మార్చవలసి వచ్చినదో అందులో లేదు. సహాయకానికి కనిపించినది మారిన అంకె మాత్రమే. నిబంధన విద్యార్థి మనస్సులో ఉన్నది.

కొన్ని నెలల తరువాత మరొకరు ఆ అంకెను చూచి, ఇంత తేమను అనుమతించడం తప్పని తలచి, తిరిగి 14 చేయవచ్చును. అప్పుడు అర్హమైన ధాన్యం తిరస్కరింపబడుతుంది. రైతు దానిని కల్లంలో మళ్ళీ ఆరబోయాలి. ఆలోగా వాన కురిస్తే ధాన్యం మొలకెత్తుతుంది. వ్రాయని ఒక్క వాక్యానికి మూల్యం చెల్లించేది కంప్యూటరు ముఖమే చూడని రైతు.

అంతేకాదు, కారణం తెలియనప్పుడు సహాయకం ఊరుకోక, "పనితీరు మెరుగుపరచబడినది" వంటి మాటలను కల్పించి చేర్చవచ్చును. లేని కారణం కంటే తప్పు కారణం మరింత ప్రమాదకరం.

అట్లని సహాయకాన్ని విడిచిపెట్టనవసరం లేదు. కారణాన్ని ముందుగా చెప్పి, దానిని వాక్యంగా కూర్చమని కోరవచ్చును. సంబంధం లేని రెండు మార్పులు ఒకే కమిట్‌లో కలిసినవేమో పరిశీలింపజేయవచ్చును. అయితే సిద్ధమైన సందేశాన్ని చదివి, సరిదిద్ది, ఆ తరువాతనే భద్రపరచాలి. లినక్స్ కెర్నెల్ నిర్మాణంలో 2004 నుండి, మార్పును పంపేవారు సందేశం చివర తమ పేరుతో ధ్రువీకరణ పంక్తి చేర్చే పద్ధతి ఉన్నది. వాక్యం ఎవరు కూర్చినా, దాని క్రింద పేరు ఉన్న మనిషే దానికి జవాబుదారి.

ప్రశ్నలు

1. చిట్టాలోని బాబతుకు, కమిట్ సందేశానికి గల పోలికను వివరించండి.
2. తేమ పరిమితి మార్పునకు తగిన కమిట్ సందేశాన్ని కారణంతో సహా వ్రాయండి.