ప్రశ్నలు - జవాబులు: బెణికిన కాలితో అడవికి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, కొత్తగూడెంలో ఉద్యోగం. వాలీబాల్ ఆడుతుంటే కుడి చీలమండ బెణికి ఆరు వారాలైంది. ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు. వాపు పోయింది గానీ ఎగుడుదిగుడు నేల మీద అడుగు పడితే లోపల కలుక్కుమంటోంది. సంక్రాంతి సెలవుల్లో మిత్రులం భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి దాకా సైకిళ్ల మీద వెళ్లి, పాపికొండల నేషనల్ పార్కు కాలిబాటల మీద ఒక పూట పరుగెత్తాలని ఎప్పుడో అనుకున్నాం. మానుకోవడానికి మనసొప్పడం లేదు. వెళ్లొచ్చా?
- ఒక పాఠకుడు, కొత్తగూడెం

జవాబు: సైకిల్ మీద వెళ్లండి. పరుగు మాత్రం ఈ సంక్రాంతికి వద్దు.

చీలమండ బెణికినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది బయటివైపు లిగమెంటు. వాపు తగ్గినంత మాత్రాన అది గట్టిపడినట్టు కాదు. పైగా పాదం పక్కకు ఒరిగీ ఒరగకముందే కండరాలు బిగుసుకుని ఆపే గుణం కూడా బెణుకు తర్వాత మందగిస్తుంది. ఒకసారి బెణికిన కాలే మళ్లీ మళ్లీ బెణకడానికి పెద్ద కారణం ఇది. తారు రోడ్డు మీద ఆ లోటు బయటపడదు, అడవిలో బయటపడుతుంది. చలికాలంలో టేకాకు రాలి కాలిబాటంతా పరుచుకుని ఉంటుంది. దాని కింద రాయి ఉందో, వేరు ఉందో, గుంట ఉందో అడుగు వేశాక గానీ తెలియదు. వాలులో మొరం ఉంటే కాలి కింద కంకర దొర్లుతుంది. మీకు కలుక్కుమనేది సరిగ్గా అలాంటి చోటే.

కాలు సిద్ధంగా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. చెప్పులు లేకుండా కుడికాలి మీద, గోడ అందేంత దూరంలో, కళ్లు మూసుకుని నిలబడండి. ఎడమకాలి మీద ఎంతసేపు నిలవగలరో దీని మీదా అంతసేపు నిలవాలి. తర్వాత అదే కాలి మునివేళ్ల మీద ఇరవై సార్లు లేచి దిగండి. అదీ నొప్పి లేకుండా అయితే ఒంటికాలితో ముందుకు, పక్కలకు గెంతి చూడండి. ఈ మూడూ కుదిరాక చదును నేల మీద ఇరవై నిమిషాల పరుగుతో మొదలుపెట్టి, మర్నాడు పొద్దున వాపు లేకపోతేనే పొలం గట్టుకో బండ్ల బాటకో వెళ్లండి. కుదరకపోతే రోజూ ఇవే చేయండి, ఇవే వైద్యం కూడా. అలాగని కలుక్కుమనడం మరో రెండు మూడు వారాలకూ తగ్గకపోతే ఎముకల డాక్టరుకు మళ్లీ చూపించాలి.

సైకిల్ మీద పాదం పక్కకు ఒరగదు కాబట్టి చీలమండకు ఆ భయం తక్కువ. అయితే రెండు జాగ్రత్తలు. బూటును పెడల్‌కు బిగించే రకం వాడకండి. అందులోంచి కాలు విడిపించాలంటే మడమ బయటికి తిప్పాలి, ఆ మెలిక మీ లిగమెంటుకు పనికిరాదు. ఇక ఆగేటప్పుడు ఎడమకాలు దించడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. ఘాట్ దిగుతూ ఎదురుగా లారీ వచ్చి హఠాత్తుగా బ్రేకు వేస్తే ఆలోచించే వ్యవధి ఉండదు, అలవాటైన కాలే నేల మీద పడుతుంది.

బయల్దేరే ముందు మీరంతా కూర్చుని ఒక ప్రశ్నకు జవాబు రాసుకోండి: నొప్పి మొదలైన చోటి నుంచి నడవకుండా ఎలా బయటపడతాను? ఖమ్మంలో అయితే ఆటో ఎక్కి ఇంటికొచ్చేస్తాం. చింతూరు దాటి ఘాట్ ఎక్కాక చాలా చోట్ల ఫోనుకు సిగ్నలే అందదు. వెనకాల ఒక వాహనం ఉంటే మీ ప్రయాణానికి నా పూర్తి మద్దతు. లేకపోతే చింతూరులో ఆగి వెనక్కి వచ్చేయండి.

మరో మాట, ఇది కాలు బాగున్నవాళ్లకూ వర్తిస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పబ్లిక్ రోడ్డు మీద సాగిపోయేవారికి అనుమతి అక్కర్లేదు. రోడ్డు దిగి పార్కు లోపలి బాట పట్టాలంటే అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే. పాపికొండలు 2008లో నేషనల్ పార్కు అయ్యాయి, విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. పార్కు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కాబట్టి అనుమతి అడగాల్సింది అక్కడి అధికారులను. మీ స్నేహితులు పరుగెత్తే పూట మీరు మారేడుమిల్లిలో ఉండండి. వాళ్లు ఎన్నింటికి తిరిగి రావాలో తెలిసిన మనిషి ఒకరు బయట ఉండటం వాళ్లకూ మంచిదే.

ప్రశ్న: ఖమ్మంలో టీచర్‌ని, 41 ఏళ్లు. లకారం ట్యాంక్‌బండ్ మీద పరుగెత్తుతుంటాను. ఈమధ్య మోకాటి చిప్ప చుట్టూ నొప్పి, మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ. నలభై దాటాక పరుగేమిటి, మోకాళ్లు అరిగిపోతాయంటున్నారు ఇంట్లో. వేసవిలో కిన్నెరసానికి వెళ్లి అక్కడ సైకిల్, పరుగు రెండూ చేయాలని కోరిక.
- ఒక పాఠకురాలు

జవాబు: సరదాకు పరుగెత్తేవాళ్ల మోకాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ అరుగుతాయనడానికి రుజువు లేదమ్మా. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి చెప్పండి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే తొడ, తుంటి కండరాల బలం చాలక చిప్ప మీద భారం పడుతున్నట్టుంది. ఒకసారి ఫిజియోథెరపిస్టుకు చూపించి వ్యాయామాలు నేర్చుకోండి. పరుగు పూర్తిగా ఆపక్కర్లేదు, దూరం సగానికి తగ్గించండి. పదికి మూడు వంతులు దాటని నొప్పి, మర్నాటికి తగ్గిపోయేదైతే పర్వాలేదు. మోకాలు వాచినా, పట్టేసినా ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

సైకిల్ సీటు చూసుకోండి. కిందికి ఉంటే మోకాలు మరీ మడుచుకుని ముందు భాగం నొప్పి పెరుగుతుంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. గుట్ట ఎక్కేటప్పుడు నడిచినా ఫరవాలేదు గానీ, దిగేటప్పుడు పరుగెత్తొద్దు, చిప్ప మీద భారం పడేది దిగుడులోనే.

కిన్నెరసానికి వేసవిలో వద్దు. మన వైపు ఎండలు మీకు తెలియనివి కావు. ఎండకు ముందే వెళ్దామని తెల్లవారుజామున బయల్దేరితే, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలే వేళ కూడా అదే. ఆ పువ్వు కోసం ఎలుగుబంటి చెట్ల కిందికి వస్తుంది. ఏరుకోవడానికి వెళ్లిన మనుషులు దానికి ఎదురుపడేది అప్పుడే. డిసెంబరులో, బాగా తెల్లవారాక, డ్యాం దాకా వెళ్లే రోడ్డు మీదే, చెవుల్లో పాటలు పెట్టుకోకుండా వెళ్లండి. పరుగు అయ్యాక చల్లగా ఉంటుందని కాళ్లు రిజర్వాయరులో పెట్టకండి, అందులో మొసళ్లున్నాయి.

ప్రశ్న: మాది చర్ల మండలం, డిగ్రీ చదువుతున్నాను. కబడ్డీలో మోకాలి లిగమెంటు తెగిందన్నారు, ఆపరేషన్ చేయించుకోలేదు. అప్పుడప్పుడూ మోకాలు జారిపోతుంది. మా మండలం ఆనంద్ కుమార్ ఎవరెస్టే ఎక్కాడు, నేను మా ఊరి గుట్టల్లో పరుగెత్తలేనా?
- ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, కలివేరు నుంచి వెళ్లిన ఆనంద్ 2014 మే 25న తోటి పర్వతారోహకురాలు పూర్ణతో పాటు శిఖరం చేరాడు. దానికి ముందు భువనగిరి రాతికొండ మీద, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొందాడు. నంద్యాల షేక్ అర్షద్ రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాక 2024 పారిస్ పారాలింపిక్స్‌లో సైకిల్ తొక్కాడు. నీకూ ఆ వరసే కావాలి: ముందు వైద్యం, తర్వాత శిక్షణ, ఆఖరున గుట్ట. జారిపోయే మోకాలితో పరుగెత్తితే జారిన ప్రతిసారీ లోపలి మెత్తటి గుజ్జు కూడా నలుగుతుంది, అది తిరిగి సరిగా అతకదు. ఎముకల డాక్టరును కలిసి ఆపరేషన్ కావాలో, వ్యాయామంతో సరిపోతుందో తేల్చుకో. ఆపరేషన్ అయితే ఆటకు తిరిగి రావడానికి తొమ్మిది నెలలైనా పడుతుందని మనసులో సిద్ధపడు. అప్పటిదాకా డాక్టరు సరేనంటే చదును రోడ్డు మీద సైకిల్ తొక్కు, తొడ కండరం కరగకుండా ఉంటుంది. ఇక మీ వైపు సరిహద్దు అడవిలో మందుపాతరలు పేలి మామూలు జనం కాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్న సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. కాలు బాగయ్యాక కూడా ఊరివాళ్లు రోజూ నడిచే దారి దాటి వెళ్లకు.

ప్రశ్న: నొప్పి మాత్ర వేసుకుని లాంగ్ రన్ పూర్తి చేయొచ్చా?
- పాల్వంచ నుంచి

జవాబు: వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మింగి ఎండలో చెమటోడుస్తూ గంటల తరబడి పరుగెత్తితే కిడ్నీలకు ముప్పు. మాత్ర నొప్పిని అణచేస్తే ఆగాల్సిన చోటు కూడా తెలియకుండా పోతుంది. దానికి బదులు సంచిలో క్రేప్ బ్యాండేజీ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, విజిల్, టార్చి పెట్టుకోండి. కాలికి దెబ్బ తగిలాక నాలుగడుగులు కూడా వేయలేకపోతున్నా, చీలమండ బుడిపె మీద నొక్కితే ప్రాణం పోతున్నట్టున్నా నూనె రాసి మర్దన చేయించుకోకండి. కాలు కదలకుండా కట్టి ఎక్స్‌రేకు వెళ్లండి. ఏజెన్సీ నుంచి వచ్చాక రెండు మూడు వారాల్లోపు చలి జ్వరం వస్తే పరుగు అలసట అనుకోకుండా ఆ రోజే మలేరియా పరీక్ష చేయించుకోండి.