డ్యూటీ దిగినాక నలుగురికి భోజనం

చెరుకు, వరి పరిశోధన కేంద్రం, ఫుడ్ సైన్స్ కాలేజీ, బడి, బ్యాంకు, మండల ఆఫీసు... రుద్రూర్‌లో ఎక్కడ కొలువు చేసినా ఏదో ఒకరోజు తోటివాళ్ళను భోజనానికి పిలవాలనిపిస్తుంది. బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్ళు ఉంటారు, ఒంటరిగా గది తీసుకుని ఉండేవాళ్ళు ఉంటారు. సాయంత్రం ఇల్లు చేరి అయిదు రకాలు ఎప్పుడు వండాలన్న బెంగతోనే ఆ పిలుపు వాయిదా పడుతుంది.

అయిదు రకాలు వద్దు. వండినవాళ్ళు కూడా అందరితో పాటు కూర్చుని తినగలిగే భోజనం పెట్టండి. బిర్యానీ లేకపోతే మర్యాద తగ్గుతుందనుకోకండి. మర్నాడు పొద్దున్నే డ్యూటీకి పోవాల్సినవాళ్ళకు తేలిగ్గా అరిగే తిండి పెట్టడమే మర్యాద.

మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల సీమ ఇది. అన్నం లేనిదే భోజనం అనిపించుకోదు. అన్నం ఉండనివ్వండి, కొలత తగ్గించండి. ఆరుగురికి అరకిలో బియ్యం చాలు. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళే ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో చెప్పింది. కాబట్టి గంగవాయిల కూర వేసిన పెసరపప్పు, పచ్చి పులుసు, దోసకాయ, క్యారెట్ ముక్కలు, పెరుగు. చివర్లో జామకాయో అరటిపండో. ఇంతే.

గంగవాయిల కూరకు మన్ను బాగా అంటుకుని ఉంటుంది. ముందు రోజు రాత్రే ఏరి, కడిగి, నీళ్ళు ఓడ్చి, బట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ ఆకులోనే కాస్త పులుపు ఉంది, పప్పులో చింతపండు వేయకపోయినా నడుస్తుంది. పెసరపప్పు ఒక గ్లాసు, అరగంట నానితే తొందరగా ఉడుకుతుంది. కందిపప్పయితే అంత తొందరగా ఉడకదు.

పచ్చి పులుసుకు పొయ్యితో పనే తక్కువ. నిమ్మకాయంత చింతపండును లీటరు నీళ్ళలో పిసికి వడగట్టండి. మూడు పచ్చి మిరపకాయలు మంట మీద కాల్చి, ఉప్పుతో చేత్తోనే నలపండి. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, చిటికెడు బెల్లం వేసి, జీలకర్ర, ఎల్లిగడ్డ, కల్యామాకుతో పోపు పెట్టండి. పావుగంట ఊరనిస్తే ఉల్లిగడ్డ ఘాటు పులుసులోకి దిగుతుంది. ఉప్పు చూసి వేయండి. మనిషికి రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదు, అప్పడం, తొక్కు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఇక వడ్డన. డైనింగ్ టేబుల్ లేకపోతే ఏమీ పోలేదు. మంచి రంగున్న చద్దర్ పరచండి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కుర్చీ, ముందు స్టూలు వేయండి. మోదుగ విస్తర్లు దొరికితే అవే పెట్టండి: కాస్త నీళ్ళు చల్లి తుడిస్తే ఆ గోధుమరంగు ఆకు మీద తెల్లటి అన్నం, పచ్చటి పప్పు ఎంత బాగుంటాయో! తర్వాత గిన్నెలు తోమే పని కూడా సగం తగ్గుతుంది. మధ్యలో పొట్టి గ్లాసులో నాలుగు బంతిపూలు పెట్టండి. పూలు పొడుగ్గా ఉంటే ఎదుటివాళ్ళ ముఖం కనిపించదు. అగరుబత్తి మాత్రం వెలిగించకండి, పోపు వాసనను మింగేస్తుంది.

ప్రతి గిన్నెకూ దాని గంటె వేసి, నీళ్ళ జగ్గుతో సహా అన్నీ చేతికందేలా మధ్యలోనే పెట్టండి. ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకుంటారు, మీరు పదిసార్లు లేవక్కర్లేదు. ఇంట్లో ఆడవాళ్ళు చివర తినే పద్ధతి ఆ ఒక్క రాత్రయినా మానండి, రోజూ మానితే ఇంకా సంతోషం.

వచ్చేవాళ్ళు “ఏమన్నా తేవాల్నా?” అంటే మొహమాటపడకుండా పెరుగో పళ్ళో చెప్పేయండి. అన్నం, పప్పు మిగిలితే రెండు గంటల లోపే చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలమైతే అంతసేపు కూడా బయట ఉంచకండి.