ముద్ర చూశారు సరే, ఉత్తరం చదివారా?

1481. కొండపల్లిలో బహమనీ సుల్తాన్ విడిది. ఆయన చేతికి ఓ ఉత్తరం వచ్చింది. దాని మీద ప్రధాని మహమూద్ గవాన్ ముద్ర. లోపల ఒరిస్సా రాజును దండెత్తి రమ్మనే మాటలు. ఫెరిష్తా చెప్పిన కథ ప్రకారం, గిట్టనివాళ్లు ముందు ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకుని తర్వాత ఆ మాటలు రాశారు. ముద్ర అసలుదే. ఉత్తరమే దొంగది. సుల్తాన్ మూడో మహమ్మద్ షా ఆరా తీయలేదు. గవాన్ తల తెగింది.

బీదర్‌లో ఆయన 1472లో కట్టించిన మదర్సా ముందు నిలబడితే అందరూ రంగు పలకలు చూస్తారు. నాకు ఆ కాగితం గుర్తొస్తుంది.

మీరు రికార్డు రూమ్‌లో పనిచేస్తున్నారా? కలెక్షన్ డిస్క్రిప్షన్ రాసి సీనియర్‌కి రివ్యూకి ఇవ్వాలా? అయితే ఈ అలవాటు మీకోసమే: కంటితో చూసింది వేరు, మనసులో అనుకున్నది వేరు.

‘గవాన్ ముద్ర ఉంది’. ఇది చూసింది. ‘గవాన్ రాశారు’. ఇది ఊహ. ఊహించొద్దనను. పక్కన ‘బహుశా’ చేర్చి, ఎందుకలా అనుకున్నారో ఒక్క లైన్ రాయండి. చాలు.

ఇప్పుడు తేదీ. బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. పాత ఫైళ్ల మీద రెవెన్యూ లెక్కల ఫసలీ సంవత్సరం కనిపిస్తుంది. ఫసలీ 1350కి 590 కలిపి 1940 అని రాసేసి లేచిపోకండి! అక్కడ ఫసలీ అక్టోబర్‌లో మొదలయ్యేది. కాబట్టి అది 1940–41. కాగితం మీది అంకె అలాగే ఉంచండి, మీ లెక్క పక్కన పెట్టండి.

ఊరి జిల్లా పేరు ఇంకా తిప్పలు పెడుతుంది. జహీరాబాద్ అప్పట్లో బీదర్ జిల్లా. 1956లో మెదక్‌కి వెళ్లింది. 2016 నుంచి సంగారెడ్డి. తాత భూమి కాగితం కోసం వచ్చిన మనవడు ఏ జిల్లా పేరుతో వెతుకుతాడు? మూడు పేర్లూ రాయండి. మీకు పట్టేది అర నిమిషం.

మిగతాది చెక్‌లిస్ట్ పని. రికార్డుల వివరణకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఇసాడ్-జిలో 26 అంశాలున్నాయి, తప్పనిసరి మాత్రం ఆరే: రిఫరెన్స్ కోడ్, శీర్షిక, ఎవరి రికార్డు, తేదీ, ఎంత ఉంది, ఏ స్థాయి వివరణ. ‘ఎంత ఉంది’ దగ్గర ‘చాలా ఫైళ్లు’ అని రాశారో, దొరికిపోతారు. లెక్కపెట్టండి.

సీనియర్ ఎర్ర పెన్ను చూసి ముఖం మాడ్చుకోకండి. ఆ గీత మీ మీద కాదు, వాక్యం మీద. గవాన్ ఉత్తరానికి అలాంటి పెన్ను ఒక్కటీ దొరకలేదు.

డ్రాఫ్ట్ పూర్తయ్యాక ఒక రాత్రి పక్కన పెట్టండి. పొద్దున్నే, ఆ ఫైళ్ల బస్తా ఎప్పుడూ విప్పని మనిషిలా చదవండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ సరిచేయండి. ఆ తర్వాతే సీనియర్ టేబుల్ మీద పెట్టండి.